మ్యూరియెల్ సీబర్ట్ కథ అసలు కమిషన్ కథ

మ్యూరియెల్ సీబర్ట్ పేరు ఎక్కడ కనిపించినా పక్కన ఒకటే లైన్ ఉంటుంది, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సీటు కొన్న మొదటి మహిళ, 1967 అని. మహిళా దినోత్సవం వచ్చిందంటే ఫొటో పెట్టి ఆ లైన్ రాసి రెండు చప్పట్ల బొమ్మలు తగిలించి వదిలేస్తారు. అందులో తప్పేం లేదు, నిజమే. కానీ ఆ లైన్ చదివిన వాళ్లకి రావాల్సిన డౌట్లు చాలా ఉన్నాయి కదా. సీటు కొనడమేంటి, దానికి 4,45,000 డాలర్లు ఎందుకు పోయాలి, చక్కగా ఉద్యోగం చేసుకుంటే సరిపోదా, అంత తంటాలు పడి లోపలికెళ్లిన మనిషి ఎనిమిదేళ్లు తిరక్కుండానే ఆ లోపలి వాళ్లందరి కడుపు మీద కొట్టే పని ఎందుకు చేసింది, ఇవన్నీ విడివిడిగా చూస్తే ఒకదానికొకటి అతకవు. నాకైతే ఆవిడ జీవితం మొత్తాన్నీ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవొచ్చనిపిస్తుంది, షేర్ చేతులు మారినప్పుడు పడే కమిషన్ ఎవరి జేబులోకి పోవాలి అని. సీటు, తక్కువ కమిషన్‌కి షేర్లు కొనిపెట్టే డిస్కౌంట్ బ్రోకింగ్, చివరికి దానధర్మాలు కూడా తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ముందు మనిషి గురించి కొంచెం. 1928లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో పుట్టింది, నాన్న డెంటిస్టు. మిక్కీ అని పిలిచేవాళ్లు. అక్కడే వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో చేరింది గానీ నాన్నకి క్యాన్సర్ రావడంతో డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. 1953లో స్నేహితులతో న్యూయార్క్ చూడ్డానికి వెళ్లినప్పుడు, అందరు టూరిస్టుల్లాగే స్టాక్ ఎక్స్ఛేంజ్ గ్యాలరీలోంచి కింద ఫ్లోర్ మీద జరిగే అరుపులూ కేకలూ చూసింది, భలే ఉందే ఇది, ఇక్కడికే వచ్చి ఉద్యోగం వెతుక్కుంటే పోలా అనుకుంది. మరుసటి ఏడాదే ఒక పాత స్టూడిబేకర్ కారు, చేతిలో 500 డాలర్లు వేసుకుని వచ్చేసింది. ఐక్యరాజ్యసమితిలో అడిగితే రెండు భాషలు రావాలన్నారు, మెరిల్ లించ్ అనే బ్రోకరేజ్‌లో, అంటే జనం తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే కంపెనీలో అడిగితే డిగ్రీ ఉందా అన్నారు, లేదంది, వెళ్లిరమ్మన్నారు. తర్వాత బాష్ అనే బ్రోకరేజ్ కంపెనీకెళ్లినప్పుడు అదే ప్రశ్న వస్తే ఈసారి ఉందని చెప్పేసింది. వారానికి 65 డాలర్ల జీతంతో రీసెర్చ్ ట్రైనీగా, అంటే ఏ కంపెనీ షేర్ విలువెంతో లెక్కగట్టే పని నేర్చుకోవడానికి పెట్టుకున్నారు. అబద్ధమే, దాన్ని ఆవిడ తర్వాత దాచుకోలేదు కూడా. కానీ తర్వాత జరిగింది చూస్తే ఆ డిగ్రీ అనే షరతు పనికి ఏమాత్రం అవసరం లేనిదని తెలిసిపోతుంది.

ట్రైనీ అంటే తెలిసిందే కదా, సీనియర్లు వద్దనుకున్నవి కొత్తవాళ్ల నెత్తిన పడతాయి. ఆవిడకి అలా ఎయిర్‌లైన్స్ వచ్చాయి, సినిమా కంపెనీలు వచ్చాయి. అప్పట్లో ఎయిర్‌లైన్స్ అంటే పెద్దాళ్లకి లెక్కే లేదు, ఫ్యాన్ రెక్కల విమానాలు, అంతంతమాత్రం లాభాలు. ఆవిడ లెక్కలు చేసే టైంకి జెట్ యుగం తలుపు తడుతోంది, 1958 అక్టోబర్‌లో పాన్ ఆమ్ బోయింగ్ 707తో సర్వీసు మొదలుపెట్టింది. జెట్ వేగంగా పోతుంది, ఎక్కువమందిని మోస్తుంది, అంటే అదే విమానం రోజుకి ఎక్కువ సీట్లు అమ్ముకోగలదు. సినిమా కంపెనీల సంగతీ అంతే, గోడౌన్లో పడున్న పాత రీళ్లని టీవీ వాళ్లకి అమ్ముకోవచ్చని గ్రహిస్తే ఆ కంపెనీ విలువే మారిపోతుంది. చెత్త అని ఇచ్చిన సెక్టార్లే ఆవిడకి అచ్చొచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగి అప్పటి కమిషన్ల వ్యవస్థ ఎలా ఉండేదో చూడాలి, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

1792 మే 17న న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారం నడిచే వీధి వాల్ స్ట్రీట్‌లో ఒక బటన్‌వుడ్ చెట్టు దగ్గర 24 మంది బ్రోకర్లు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. అందులో ఉన్నవి రెండే ముక్కలు, మాలో మేము ముందు వ్యాపారం చేసుకుంటాం, ఎవరి దగ్గరా పావు శాతం కంటే తక్కువ కమిషన్ తీసుకోం. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి అదే పునాది. తెలుగులో సూటిగా చెప్పాలంటే వ్యాపారులంతా కుమ్మక్కై రేటు కట్టుకోవడం. రేట్లు మారుతూ వచ్చాయి గానీ ఆ పద్ధతి మాత్రం 183 ఏళ్లు నడిచింది. 1960ల్లో రేటు కార్డు ఎలా ఉండేదంటే, 40 డాలర్ల షేర్లు ఒక 100 కొంటే కమిషన్ 39 డాలర్లు. సరే బాగానే ఉంది. అవే షేర్లు ఒక మ్యూచువల్ ఫండ్ 10,000 కొంటే? 3,900 డాలర్లు. బ్రోకర్‌కి పని వంద రెట్లు పెరిగిందా అంటే లేదు, ఒక ఫోను, ఒక ఆర్డరు, కాస్త నేర్పుగా కొనడం. కానీ డిస్కౌంట్ ఇవ్వడానికి వీల్లేదు, ఇస్తే ఎక్స్ఛేంజ్ రూల్స్ దాటినట్టే. పెద్ద ఆర్డర్లకి కాస్త తగ్గింపు రావడానికే 1968 డిసెంబర్ దాకా పట్టింది.

రేటు తగ్గించి కస్టమర్‌ని లాక్కోలేనప్పుడు బ్రోకర్లు ఏం చేస్తారు? వేరే రకంగా లాక్కుంటారు. అందులో ముఖ్యమైంది రీసెర్చ్. మంచి అనలిస్టు ఉంటే రిపోర్టులు ఫ్రీగా ఫండ్లకి పంపుతారు, ఆ రిపోర్టు వల్ల ఫండ్‌కి నాలుగు డబ్బులొస్తే కృతజ్ఞతగా ఆర్డర్లు ఆ కంపెనీకే ఇస్తారు, ఆ లావుపాటి కమిషన్ అక్కడికొస్తుంది. అంటే అనలిస్టు బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసే గుమస్తా కాదు, ఇంటికి కస్టమర్లని తెచ్చే మనిషి. సీబర్ట్ ఎయిర్‌లైన్స్ రిపోర్టులకి పేరొచ్చింది, ఆర్డర్లొచ్చాయి, కమిషన్లొచ్చాయి. కానీ అదే పని చేసే మగవాళ్లకి ఎక్కువ, ఆవిడకి తక్కువ. ఇది తెలిసినప్పుడల్లా కంపెనీ మారింది, అలా మూడుసార్లు. ఒకసారి మ్యూరియెల్ అని పూర్తి పేరుతో రెజ్యూమే పంపితే ఎవరూ పిలవలేదు, అనలిస్టుల సంఘం వాళ్లు అదే రెజ్యూమేని ఎం.ఎఫ్. సీబర్ట్ అని పంపితే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. చదువు అదే, అనుభవం అదే, మారింది పేరు మాత్రమే.

చిన్న బ్రోకరేజ్‌ల్లో పార్ట్‌నర్ దాకా ఎదిగింది, అయినా గొడవ తీరలేదు. అప్పుడు వాల్ స్ట్రీట్‌లో పేరు మోగిపోతున్న ఫండ్ మేనేజర్ జెరాల్డ్ త్సాయ్‌ని అడిగింది, నాకు మగవాళ్లతో సమానంగా ఇచ్చే పెద్ద కంపెనీ ఏదైనా ఉందా చెప్పు అని. ఆయన షాంఘైలో పుట్టి ఇక్కడికొచ్చినవాడు, ఈ వీధిలో బయటివాడిగా ఉండడమంటే ఏంటో తెలిసినవాడు. అలాంటిదేం దొరకదు గానీ నువ్వే సీటు కొనుక్కుని సొంతంగా పని చేసుకో, ఆడవాళ్లు కొనకూడదని రూలేం లేదు కదా అన్నాడు. ఆవిడ ఎక్స్ఛేంజ్ రూల్స్ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి చదివింది. నిజమే, ఎక్కడా లేదు. ఆడవాళ్లు వస్తారని ఎవరూ అనుకోలేదు కాబట్టి వద్దని రాసుకోవాల్సిన పనే పడలేదు.

సీటు అంటే కుర్చీ ఏం కాదు, మెంబర్‌షిప్. ఎక్స్ఛేంజ్‌లో మొత్తం 1,366 ఉండేవి, ఆ నంబరు పెరగదు, ఎవరైనా అమ్మితేనే ఇంకొకరు కొనాలి, రేటు గిరాకీని బట్టి. మెంబర్ కాని వాళ్లు ఎక్స్ఛేంజ్‌లో షేర్ కొనాలంటే మెంబర్ ద్వారానే, మెంబర్‌కి పూర్తి కమిషన్ కట్టాల్సిందే. సీబర్ట్ ఎవరి దగ్గరో పని చేసినంతకాలం తను తెచ్చిన కమిషన్‌లో వాళ్లు తేల్చిన వాటా ఎంతో అంతే దక్కుతుంది. సీటు తనదే అయితే ఆ తేల్చేవాడే ఉండడు, ఖర్చులు పోను మొత్తం తనదే. అంటే సమాన జీతం అనే పంచాయితీని ఆవిడ కోర్టులోనో హెచ్ఆర్ దగ్గరో కాకుండా అసలు జీతం అనేదే లేకుండా చేసుకుని తేల్చుకుంది. ఈ కోణం మాత్రం ఆ చప్పట్ల పోస్టుల్లో కనపడదు.

కొనడం మాత్రం మాటలు కాదు. ముందు స్పాన్సర్ కావాలి, అంటే ఇప్పటికే మెంబర్‌గా ఉన్న ఒకరు ఈమె మంచిదే, చేర్చుకోండి అని సంతకం పెట్టాలి. తొమ్మిది మందిని అడిగితే తొమ్మిది మందీ తప్పించుకున్నారు, పదో మనిషి ఒప్పుకున్నాడు. వాళ్లంతా ఆవిడకి తెలిసినవాళ్లే, కలిసి బిజినెస్ చేసినవాళ్లే. తర్వాత డబ్బు. సీటు రేటు 4,45,000 డాలర్లు, ఈరోజు లెక్కలో చూసుకుంటే 40 లక్షల డాలర్ల పైమాటే. అందులో 3,00,000 డాలర్లు మేం అప్పిస్తాం అని బ్యాంకు నుంచి లెటర్ తెమ్మంది ఎక్స్ఛేంజ్, అంతకుముందు ఎవర్నీ అడగని షరతు ఇది. బ్యాంకులకెళితే, ముందు ఎక్స్ఛేంజ్ నిన్ను చేర్చుకుంటానని చెప్పనీ, అప్పుడు చూద్దాం అన్నాయి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు. నెలల తరబడి అటూ ఇటూ తిరిగాక చేజ్ మన్‌హట్టన్ బ్యాంకు ఒప్పుకుంది, 1967 డిసెంబర్ 28న మెంబర్‌షిప్ వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న సవరణ, ఎందుకంటే చాలా చోట్ల అమెరికాలో మొదటి మహిళా స్టాక్‌బ్రోకర్ అని రాసేస్తారు, అది కరెక్ట్ కాదు. 1870లోనే విక్టోరియా వుడ్‌హల్, టెన్నెసీ క్లాఫ్లిన్ అనే అక్కచెల్లెళ్లు వాల్ స్ట్రీట్ దగ్గర బ్రోకరేజ్ తెరిచారు, ఎక్స్ఛేంజ్‌లో మాత్రం చోటు లేదు. 1965లో రెండో పెద్ద ఎక్స్ఛేంజ్ అయిన అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఇద్దరు మహిళల్ని చేర్చుకుంది. సీబర్ట్ మొదటిది అయ్యింది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో, అక్కడే అసలు డబ్బు ఉండేది. 1969లో మ్యూరియెల్ సీబర్ట్ అండ్ కంపెనీ పెట్టింది. దాదాపు పదేళ్లు 1,365 మంది మగవాళ్లు, నేనూ అని చెప్పుకునేది.

చిన్న చిన్న అవమానాల లిస్టు పెద్దదే, నేను ఒకటి రెండు చెప్పి వదిలేస్తా. యూనియన్ లీగ్ క్లబ్‌లో ఒక మీటింగ్‌కి వెళితే ఆడవాళ్లని లిఫ్టు ఎక్కనివ్వం అన్నారు, వంటగదిలోంచి వెనక మెట్లెక్కి పైకి వెళ్లాల్సొచ్చింది. ఎక్స్ఛేంజ్‌లో ఏడో అంతస్తులో మెంబర్లు భోజనం చేసే క్లబ్ దగ్గర లేడీస్ టాయిలెట్ ఉండేది కాదు, కింది అంతస్తుకి పోవాలి. మెంబర్ అయిన ఇరవై ఏళ్లకి, 1987లో, ఏడాది చివరికల్లా కట్టకపోతే నేనే ఒక పోర్టబుల్ టాయిలెట్ తెప్పించి పెట్టిస్తా అని ఛైర్మన్‌కి చెప్పింది. అప్పుడు కట్టారు.

ఇప్పుడు అసలైన మలుపు. 1975 మే 1. షేర్ మార్కెట్‌ని అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఆ రోజు నుంచి ఫిక్స్‌డ్ కమిషన్లు రద్దు చేసింది, ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు. దీన్ని వాల్ స్ట్రీట్‌లో మే డే అంటారు. పెద్ద ఫండ్లు ఏళ్ల తరబడి ఈ 3,900 డాలర్ల దోపిడీ మీద మొత్తుకుంటున్నాయి, ప్రభుత్వంలో కాంపిటీషన్ చట్టాలు చూసే వాళ్లు కూడా ఇది కుమ్మక్కే కదా అని అడగడం మొదలుపెట్టారు, అలా వచ్చిన మార్పు ఇది. మెంబర్లలో చాలామంది ఆఖరి నిమిషం దాకా అడ్డుపడ్డారు, ఇలాగైతే వీధి మొత్తం మునిగిపోతుందన్నారు. మెరిల్ లించ్ లాంటి పెద్ద కంపెనీ ఏం చేసిందంటే పెద్ద ఫండ్లకి తగ్గించి చిన్న ఇన్వెస్టర్లకి పెంచింది. బేరమాడే బలం ఉన్నోడికి లాభం, లేనోడికి నష్టం, డీరెగ్యులేషన్ వచ్చిన ప్రతిచోటా మొదట జరిగేది ఇదే.

సీబర్ట్ అదే రోజున దీనికి పూర్తిగా రివర్స్‌లో వెళ్లింది. మామూలు ఇన్వెస్టర్లకి సలహాలూ రీసెర్చూ ఏమీ ఉండవు, ఏ షేర్ కావాలో నువ్వే చెప్పు, నేను కొని పెడతా, కమిషన్ తక్కువ అని. వాల్ స్ట్రీట్ జర్నల్‌లో యాడ్ ఇచ్చింది, అందులో ఆవిడే కత్తెర పట్టుకుని ఒక 100 డాలర్ల నోటుని సగానికి కత్తిరిస్తూ ఉంటుంది. డిస్కౌంట్ బ్రోకర్లలో మొదటి వరసలో ఆవిడ ఉంది, కాలిఫోర్నియాలో చార్లెస్ ష్వాబ్ కూడా అదే టైంలో అదే దారి పట్టాడు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫోన్లో డీమ్యాట్ యాప్ తెరిచి ఆర్డరుకి ఇంత అని ఫ్లాట్ రేటు కట్టేవాళ్లు వాడుతున్న డిస్కౌంట్ బ్రోకర్ అనే పద్ధతికి మూలం ఆ రోజే.

దీనికి రియాక్షన్ వెంటనే వచ్చింది. చిన్న బ్రోకరేజ్‌లు కొన్న షేర్లకి డబ్బు కట్టడం, సర్టిఫికెట్లు తెప్పించడం లాంటి క్లియరింగ్ పనిని పెద్ద సంస్థలకి అప్పగిస్తాయి, అది లేకుండా ఒక్క ఆర్డర్ కూడా పూర్తి కాదు. ఆవిడకి క్లియరింగ్ చేసే సంస్థ నీ పని ఇక చెయ్యం అంది. గడువు 60 రోజులు, ఆలోపు ఇంకొకరు దొరక్కపోతే దుకాణం మూసుకోవడమే. లంచ్‌కి పిలిచే పాత స్నేహితులు ముఖం చాటేశారు. చివరికి ఇంకో సంస్థ దొరికింది, బతికి బయటపడింది.

ఆవిడ చేసిన పనిలోని తెగువ ఎంతో తెలియాలంటే సీటు రేటు చూడాలి. ఆ మెంబర్‌షిప్‌కి అంత విలువ ఎందుకంటే ఫిక్స్‌డ్ కమిషన్ అనే గ్యారంటీ ఆదాయం ఉంది కాబట్టి. ఆవిడ 4,45,000కి కొన్నాక రేటు ఇంకా పైకెళ్లి 5,15,000 దాకా పోయింది. 1973-74లో మార్కెట్ కుప్పకూలింది, తర్వాత మే డే వచ్చింది, 1977కి ఒక సీటు 35,000 డాలర్లకి కూడా అమ్ముడుపోయింది. ఆవిడ కొన్న పదేళ్లకి ఆ ధరలో పన్నెండో వంతు కంటే తక్కువ. మిగతా మెంబర్లు ఫిక్స్‌డ్ కమిషన్‌ని పట్టుకుని వేలాడింది దురాశ అనే ఒక్క మాటతో కొట్టిపారేయలేం, వాళ్ల ఆస్తి మొత్తం దాని మీదే నిలబడి ఉంది. సీబర్ట్ ఆస్తి కూడా! అందరికంటే కష్టపడి, అప్పు చేసి కొనుక్కున్నది ఆవిడే. అయినా ఆ గోడ ఎలాగూ కూలుతోంది, పట్టుకుని వేలాడే కంటే ముందు బయటికి దూకడం మేలు అనుకుంది. ఇది ఆదర్శమా, వ్యాపార లెక్కా అని అడిగితే నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ. క్లబ్బులో ఎలాగూ సగం మనిషిగానే చూస్తున్నప్పుడు క్లబ్బు రూల్స్ కాపాడాల్సిన మొహమాటం ఆవిడకి లేదు, మిగతా వాళ్లకి అది ఉంది. బయటివాళ్లుగా ఉండడంలో ఉన్న ఒకే ఒక్క లాభం అదేనేమో.

1977లో న్యూయార్క్ గవర్నర్ హ్యూ కేరీ ఆవిడని రాష్ట్ర బ్యాంకింగ్ సూపరింటెండెంట్‌గా, అంటే రాష్ట్రంలోని బ్యాంకుల్ని అజమాయిషీ చేసే అధికారిగా పెట్టాడు. ఆయన డెమోక్రాట్, ఆవిడ రిపబ్లికన్. కంపెనీని బ్లైండ్ ట్రస్ట్‌లో పెట్టి వెళ్లింది, అంటే తన కంపెనీలో ఏం జరుగుతోందో తనకే తెలియకూడదు. 1982 దాకా ఆ పదవిలో ఉంది. ఆ ఐదేళ్లలో రాష్ట్రంలో ఒక్క బ్యాంకూ మునగలేదని గొప్పగా చెబుతారు, చెప్పుకోదగ్గదే, ఎందుకంటే అవి వడ్డీలు ఆకాశానికంటిన రోజులు, 1980 డిసెంబర్‌లో ప్రైమ్ రేటు, అంటే బ్యాంకులు తమ మంచి కస్టమర్లకి వేసే వడ్డీయే 21.5 శాతం. సేవింగ్స్ బ్యాంకులు పాత రోజుల్లో ముప్పై ఏళ్లకి తక్కువ వడ్డీకి ఇళ్ల లోన్లు ఇచ్చేసి కూర్చున్నాయి, డిపాజిటర్లేమో ఎక్కువ వడ్డీ వచ్చే మనీ మార్కెట్ ఫండ్లకి డబ్బు లాగేసుకుంటున్నారు. ఆవిడ చేసిందేంటంటే మునిగేలా ఉన్నదాన్ని ముందే కనిపెట్టి గట్టిగా ఉన్నదానితో కలిపేయడం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, 1981లో గ్రీనిచ్ సేవింగ్స్ బ్యాంకుని ఇంకో బ్యాంకులో కలిపినప్పుడు డిపాజిట్లకి బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ డబ్బు పెట్టాల్సొచ్చింది. మునగలేదు నిజమే, కానీ ఖర్చు లేకుండా తేలలేదు.

ఇదే టైంలో హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు, అంటే మన హైదరాబాద్, వైజాగ్‌ల్లో ఎంతోమంది పని చేసిన హెచ్ఎస్‌బీసీ, న్యూయార్క్‌లోని మెరైన్ మిడ్‌ల్యాండ్ బ్యాంకులో 51 శాతం కొంటానని వచ్చింది. రాష్ట్రంలో పెద్ద బ్యాంకుల్లో ఒకటి విదేశీ చేతుల్లోకి పోవడం మీద సీబర్ట్‌కి అభ్యంతరాలున్నాయి, పర్మిషన్ ఇవ్వలేదు. మెరైన్ మిడ్‌ల్యాండ్ ఏం చేసిందంటే రాష్ట్ర లైసెన్సు వదిలేసి ఫెడరల్ లైసెన్సుకి మారిపోయింది, అప్పుడు ఆవిడ పర్మిషన్‌తో పనే లేదు. డీల్ అయిపోయింది. ఒక రెగ్యులేటర్ గట్టిగా ఉంటే ఇంకో రెగ్యులేటర్ దగ్గరికి పోవడమన్నది అమెరికా బ్యాంకింగ్‌లో కొత్తేం కాదు, ఆవిడకి మాత్రం అది స్వయంగా ఎదురైంది.

1982లో రాజీనామా చేసి సెనెట్‌కి రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో నిలబడింది, ఓడిపోయింది. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. నిజమైన నష్టం వేరే చోట జరిగింది, ఆవిడ లేని ఐదేళ్లలోనే డిస్కౌంట్ బ్రోకింగ్ పెద్ద వ్యాపారం అయ్యింది, ష్వాబ్ దేశమంతా బ్రాంచీలు తెరుచుకుంటూ పోయాడు, 1983కల్లా బ్యాంక్ ఆఫ్ అమెరికా అతని కంపెనీని కొనేసింది. ఆవిడ తిరిగొచ్చేసరికి తన కంపెనీ నీరసపడి ఉంది. మొదటి వరసలో నిలబడ్డ మనిషి ఆ ఆటలో ఎప్పటికీ పెద్దది కాలేకపోయింది. ప్రభుత్వ పదవి గౌరవమే గానీ దాని ఖరీదు కంపెనీ కట్టింది.

దానధర్మాల దగ్గరికొస్తే, డబ్బున్నవాళ్లంతా చెక్కులు రాస్తారు, ఆవిడ రాసింది కూడా. కానీ 1990లో మొదలుపెట్టిన పథకం మాత్రం అచ్చంగా బ్రోకర్ బుర్రలోంచి పుట్టింది. కార్పొరేషనో కంపెనీయో కొత్తగా బాండ్లో షేర్లో అమ్మేటప్పుడు అండర్‌రైటర్లు వాటిని కాస్త తక్కువకి తీసుకుని ఇన్వెస్టర్లకి పూర్తి ధరకి అమ్ముతారు, మధ్యలో మిగిలేది వాళ్ల సంపాదన. ఆ వాటాలో తన ఖర్చులు పోను మిగిలిన లాభంలో సగం దానానికి ఇస్తానంది, ఏ సంస్థకివ్వాలో తేల్చేది ఆ బాండ్లు కొన్నవాళ్లు, లేదా వాటిని జారీ చేసినవాళ్లు. కొన్ని మిలియన్ల డాలర్లు ఈ దారిలో దానాలకి వెళ్లాయి.

ఇందులోని చాకచక్యం చూడండి. ఒక పెన్షన్ ఫండ్ మేనేజర్ ఎలాగూ ఆ బాండ్లు ఎవరో ఒకరి దగ్గర కొనాలి, రేటు అందరి దగ్గరా ఒకటే. సీబర్ట్ దగ్గర కొంటే తన ఊళ్లో ఆసుపత్రికో అనాథాశ్రమానికో డబ్బెళుతుంది, తన ఫండ్‌కి పైసా అదనపు ఖర్చు లేదు. ఎవడైనా ఇక్కడే కొంటాడు కదా. రేటు ఒకటే అయిన చోట వేరే ఏదో ఇచ్చి ఆర్డర్ లాక్కోవడం, 1960ల్లో రీసెర్చ్ రిపోర్టులతో జరిగిన పని ఇదే, ఈసారి ఫ్రీగా ఇచ్చింది పుణ్యం. మార్కెటింగ్ అని తీసిపారేసేవాళ్లుంటారు, నేనైతే మార్కెటింగ్ అయినందువల్లే అది నడిచిందంటాను, దాత మూడ్ మీద కాకుండా బిజినెస్ మీద ఆధారపడ్డ దానం ఇది. దాని బలహీనత కూడా అదే, పెద్ద పెద్ద బాండ్ డీళ్లలో చిన్న కంపెనీకి దక్కేది చిన్న ముక్క, అందులో సగం అంటే ఇంకా చిన్న ముక్క.

1999లో న్యూయార్క్ విమెన్స్ అజెండా అనే సంస్థకి ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఇంకో పని మొదలుపెట్టింది, అది నాకు పర్సనల్‌గా ఎక్కువ నచ్చుతుంది. హైస్కూల్ పిల్లలకి చెక్కు రాయడం, క్రెడిట్ కార్డు వడ్డీ ఎలా పెరుగుతుందో లెక్క కట్టడం, బడ్జెట్ వేసుకోవడం లాంటివి నేర్పే ప్రోగ్రాం, న్యూయార్క్ సిటీ స్కూళ్లలో పెట్టించింది. షేర్లు ఎలా కొనాలో కాదు, అంతకంటే ముందు మెట్టు. బ్యాంకింగ్ సూపరింటెండెంట్‌గా అప్పుల్లో కూరుకుపోయిన మామూలు జనాన్ని చూసిన అనుభవం ఇందులో ఉందని నా ఊహ.

1996లో కంపెనీని ఒక పాత ఫర్నిచర్ కంపెనీలో విలీనం చేసే దారిలో నాస్‌డాక్ అనే ఇంకో స్టాక్ మార్కెట్‌లో లిస్టు చేసింది, అయినా షేర్లలో దాదాపు తొంభై శాతం తన చేతిలోనే ఉంచుకుంది. ఆఫీసుకి మాన్‌స్టర్ గర్ల్ అనే చువావా కుక్కపిల్లని వెంటేసుకుని వచ్చేది. 2013 ఆగస్టు 24న క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో చనిపోయింది, 84 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆవిడ పేరు మీద ఉన్న ఫౌండేషన్ జంతువుల సంరక్షణకీ డబ్బు చదువులకీ ఖర్చు పెడుతోంది, కంపెనీలో ఆవిడ షేర్లని 2016 చివర్లో వేరే వాళ్లకి అమ్మేశారు. అదే ఏడాది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన బిల్డింగ్‌లో ఒక హాలుకి సీబర్ట్ హాల్ అని పేరు పెట్టింది, అక్కడ ఒక వ్యక్తి పేరు ఒక గదికి పెట్టడం అదే మొదటిసారి.

సీట్లు మాత్రం అప్పటికే లేవు. 2005లో ఒక సీటు 40 లక్షల డాలర్లకి అమ్ముడుపోయి రికార్డు కొట్టింది, ఆ ఏడాది చివరితో సీట్ల పద్ధతే ఆపేశారు, ఎక్స్ఛేంజే షేర్లున్న కంపెనీగా మారిపోయింది. ఇక కమిషన్ సంగతి. 2019 అక్టోబర్ 1న ష్వాబ్ కంపెనీ అమెరికన్ షేర్ల మీద ఆన్‌లైన్ కమిషన్ సున్నా చేస్తున్నట్టు ప్రకటించింది, ఆ ఒక్కరోజే ష్వాబ్ షేర్ పది శాతం దగ్గరగా, పోటీ కంపెనీ టీడీ అమెరిట్రేడ్ షేర్ పావు వంతు పైగా పడ్డాయి. అలాగని బ్రోకర్లేం పస్తులు లేరు. కస్టమర్ ఖాతాలో ఖాళీగా పడున్న డబ్బు మీద వచ్చే వడ్డీలో ఎక్కువ భాగం వాళ్లదే, అమెరికాలోనైతే కస్టమర్ ఆర్డర్లని పెద్ద ట్రేడింగ్ సంస్థలకి పంపినందుకు ఆ సంస్థలు బ్రోకర్‌కి ఎదురు డబ్బిస్తాయి. సీబర్ట్ కాలంలో 39 డాలర్లు కట్టే కస్టమర్‌కి కనీసం తను 39 డాలర్లు కడుతున్నానని తెలుసు.